స్కాట్లాండ్ వేటకుక్కల బిల్లు: కమిటీ వద్దంది, సభ సరేనంది. మరి కౌన్సిళ్ల మాటేమిటి?

రాతిబండ (ప్రశ్న)

అడ్మినిస్ట్రేటివ్ లా, తులనాత్మక రాజ్యాంగం రెండు పేపర్లకూ పనికొస్తుందని స్కాటిష్ పార్లమెంటు చేసిన వేటకుక్కల చట్టం (కుక్కలతో అడవి జంతువుల వేటను నిషేధించేది) చదువుతుంటే మూడు చోట్ల ముడి పడింది.

ఒకటి. 2001 జులైలో అక్కడి గ్రామీణాభివృద్ధి కమిటీ ‘ఈ బిల్లు మూలసూత్రాలను ఆమోదించవద్దు’ అని నివేదిక ఇచ్చింది. సెప్టెంబరులో సభ 84–34తో ఆమోదించేసింది. నెలల తరబడి సాక్షులను పిలిచి విన్న కమిటీ మాటకు విలువే లేనట్టా? మన స్టాండింగ్ కమిటీ సిఫారసుల్లాంటిదే అనుకోవాలా?

రెండు. నక్కల బెడద ఊరినిబట్టి మారుతుంది. గొర్రెలు ఈనే కొండల్లో ఒక లెక్క, పట్నం శివార్లలో ఇంకో లెక్క. అనుమతించాలా, ఆపాలా అన్నది అక్కడి స్థానిక సంస్థలైన కౌన్సిళ్లకే వదిలేస్తే పోయేది కదా? ఇంగ్లండులో సోమర్సెట్ కౌన్సిల్ ఆ ప్రయత్నం చేసి కోర్టులో ఓడిపోయిందని ప్రతి పుస్తకంలో ఉంటుంది. ఎందుకు ఓడిపోయిందో మాత్రం ఒక్కో పుస్తకం ఒక్కోలా రాస్తోంది.

మూడు. 2002లో చట్టం ఉండగా 2023లో మళ్లీ ఇంకోటి ఎందుకు? మొదటిదాంట్లో ఏ మాట దెబ్బకొట్టింది?

తేదీలు, సెక్షన్లతో చెబితే మేలు. వేట మంచిదా చెడ్డదా అన్న తగువు మాత్రం ఇక్కడ వద్దండీ.

మూడోపఠనం

మొదటి ప్రశ్నకు నేను చెబుతాను. మీరు స్టేజ్ 1నీ స్టేజ్ 2నీ కలిపేసుకుంటున్నారు, చిక్కంతా అక్కడే.

ఆ పార్లమెంటులో బిల్లుకు మూడు అంచెలు. స్టేజ్ 1లో లీడ్ కమిటీ (ఆ బిల్లును ప్రధానంగా చూసే కమిటీ) మూలసూత్రాలు పరిశీలించి నివేదిక ఇస్తుంది. ఓటు మాత్రం 129 మంది సభ్యులున్న మొత్తం సభది. సభ సరేనంటే బిల్లు స్టేజ్ 2కి, అంటే మళ్లీ కమిటీకి వస్తుంది. అక్కడ సెక్షన్ సెక్షన్‌కీ సవరణలు పెట్టి, ఒక్కోదాని మీద ఓటేస్తారు. కమిటీలో నెగ్గిన సవరణ నెగ్గిన క్షణం నుంచే బిల్లు పాఠంలో భాగం. స్టేజ్ 3 మళ్లీ నిండు సభలో: మిగిలిన సవరణలు, ఆఖరి ఓటు. కాబట్టి స్టేజ్ 1లో కమిటీది సలహా మాత్రమే, స్టేజ్ 2లో కలమే దాని చేతిలో ఉంటుంది. మన పార్లమెంటులో శాఖలవారీ స్టాండింగ్ కమిటీ బిల్లు పాఠాన్ని తన ఓటుతో మార్చలేదు, మార్చమని చెప్పగలదంతే. రెండింటినీ ఒక గాటన కట్టకండి.

ఇక 2000–2002లో జరిగిన వరస. గ్లాస్గో క్యాత్‌కార్ట్ లేబర్ సభ్యుడు మైక్ వాట్సన్ 2000 మార్చి 1న ‘ప్రొటెక్షన్ ఆఫ్ వైల్డ్ మామల్స్ (స్కాట్లాండ్) బిల్లు’ను ప్రైవేటు మెంబర్ బిల్లుగా పెట్టారు. పెట్టకముందే కోర్టు గొడవ. వాట్సన్ వేట వ్యతిరేక ఉద్యమ సంస్థ సాయం తీసుకున్నారు, సభ్యుల ప్రయోజనాల నిబంధనకు ఇది విరుద్ధం, బిల్లే పెట్టనివ్వకండి అని వేట పక్షం వాళ్లు ఇంటర్‌డిక్ట్ అడిగారు (మనం ఇంజంక్షన్ అనేదాన్ని అక్కడ అలా అంటారు). కోర్ట్ ఆఫ్ సెషన్ (అక్కడి అత్యున్నత సివిల్ కోర్టు, మన సెషన్స్ కోర్టు లాంటిది కాదు) ఇవ్వలేదు. కానీ వేలీ వర్సెస్ లార్డ్ వాట్సన్ అనే ఆ తీర్పులో ఆ కోర్టు అధిపతి లార్డ్ ప్రెసిడెంట్ రోజర్ చెప్పిన ముక్క మీ రాజ్యాంగం పేపర్‌కు బిల్లుకంటే విలువైంది: ఈ పార్లమెంటు చట్టం వల్ల పుట్టింది, చట్టం వల్ల పుట్టిన ఏ సంస్థలాగానైనా చట్టానికీ కోర్టులకూ లోబడాల్సిందే, వెస్ట్‌మినిస్టర్‌తో (లండన్ పార్లమెంటుతో) పోల్చి మినహాయింపు అడగకూడదు. 1998 స్కాట్లాండ్ చట్టం అమల్లోకొచ్చిన కొద్ది నెలలకే వచ్చిన మాట అది.

బిల్లు కమిటీలో పదహారు నెలలు నానింది. మధ్యలో 2001 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో గాలికుంటు వ్యాధి విరుచుకుపడింది. గ్రామీణాభివృద్ధి కమిటీకి అంతకంటే పెద్ద పని ఏముంటుంది? వేటలు కూడా అప్పుడు ఆగిపోయాయి. జులైలో ‘వద్దు’ నివేదిక. సెప్టెంబరు 19న సభ దాన్ని పక్కనపెట్టింది. ఇప్పుడు అసలు ఇబ్బంది చూడండి: వద్దన్న ఆ కమిటీయే స్టేజ్ 2లో బిల్లును సెక్షన్లవారీగా సరిదిద్దాలి. ఇష్టంలేని పెళ్లికి వంట చేయమన్నట్టు. మినహాయింపుల సెక్షన్ అంత అల్లిబిల్లిగా తయారవడంలో దీనికి భాగం ఉందని నా అభిప్రాయం. మూలసూత్రమే వద్దనుకున్న సభ్యులు మినహాయింపులు పెంచడానికి చూస్తారు, కావాలనుకున్నవాళ్లు కత్తిరించడానికి చూస్తారు, చివరికి ఎవరూ మొత్తంగా రాయని వాక్యం చట్టమై కూర్చుంటుంది.

స్టేజ్ 3 ఓటు 2002 ఫిబ్రవరి 13న. అనుకూలం 83, వ్యతిరేకం 36, తటస్థం 5. రాజముద్ర మార్చి 15న. ఆ నెలరోజుల ఎడం ఊరికే పోయిన కాలం కాదు. స్కాట్లాండ్ చట్టం 33వ సెక్షన్ ప్రకారం బిల్లు పాసయ్యాక నాలుగు వారాలపాటు ప్రభుత్వ లా ఆఫీసర్లు ‘ఇది మీ పరిధిలో లేదు’ అని పై కోర్టుకు నివేదించే వీలుంది, అది ముగిసేదాకా రాజముద్రకు పంపరు. అమలు ఆగస్టు 1 నుంచి.

తరవాత మానవహక్కుల పేరుతో కేసులు పడ్డాయి. పరిహారం ఇవ్వలేదన్నది ఒక వాదన. స్కాట్లాండ్ కోర్టుల్లో ఓడిపోయారు, 2007 నవంబరులో అప్పటి పై కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో ఓడిపోయారు, 2009లో స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవహక్కుల కోర్టు పిటిషన్లు స్వీకరించడానికే ఒప్పుకోలేదు.

పోలికకు ఉత్తర ఐర్లండు చూడండి. అక్కడ సెకండ్ స్టేజ్‌లో సభ సరేనన్నాకే కమిటీ దశ. 2021 డిసెంబరులో ఇలాంటి బిల్లే 45–38తో ఆ మెట్టు దగ్గరే పడిపోయింది. కమిటీ ఒక్క సాక్షినీ పిలవకుండానే కథ ముగిసింది. ముందు వినడమా, ముందు ఓటా అన్న వరస మారితే బిల్లు రాతే మారిపోతుంది.

గుత్తికోట

రెండో ప్రశ్న నాది.

కేసు పేరు ఆర్ వర్సెస్ సోమర్సెట్ కౌంటీ కౌన్సిల్, ఎక్స్ పార్టే ఫ్యూయింగ్స్. చాలా నోట్సుల్లో నక్కల వేట అని ఉంటుంది, తప్పు. అది కొమ్ముల జింకల వేట, స్టాగ్‌హౌండ్లు అనే పెద్ద జాతి వేటకుక్కలతో. స్థలం క్వాంటాక్ కొండల్లోని ఓవర్ స్టోయీ కస్టమ్స్ కామన్. 1921 నుంచి కౌన్సిల్ సొంతం. 1993 ఆగస్టులో కౌన్సిల్ 26–22 ఓట్లతో ‘మా భూమిలో జింకల వేట కుదరదు’ అని తీర్మానించింది. 1994లో హైకోర్టులో జస్టిస్ లాస్ కొట్టేశారు. 1995లో అప్పీలు కోర్టు 2–1తో ఆ ఫలితాన్నే నిలబెట్టింది.

పుస్తకాలు ఒక్కోలా రాయడానికి కారణం: హైకోర్టు కారణం వేరు, అప్పీలు కోర్టు కారణం వేరు.

జస్టిస్ లాస్ వాదన ఇలా సాగుతుంది. మామూలు మనిషి, చట్టం వద్దననిది ఏదైనా చేసుకోవచ్చు. ప్రభుత్వ సంస్థ, చట్టం చెయ్యమన్నది మాత్రమే చెయ్యగలదు. ‘నా పొలంలోకి వేటగాణ్ని రానివ్వను, నా ఇష్టం’ అని రైతు అనగలడు. కౌన్సిల్‌కు ‘నా ఇష్టం’ అనేదే లేదు. 1972 స్థానిక ప్రభుత్వ చట్టం 120(1)(బి) కింద ఆ భూమి ‘ప్రాంతపు మేలు, మెరుగుదల, అభివృద్ధి’ కోసం ఉంది. వేట క్రూరం అన్న నైతిక భావన ఆ మాటల్లో ఇమడదు.

అప్పీలు కోర్టు మెజారిటీ (బింగ్‌హామ్, స్వింటన్ థామస్) అంత దూరం పోలేదు. వాళ్లు పట్టుకున్నది చిన్న విషయం, కానీ ప్రాణం దానిలోనే ఉంది: ఓటేసేముందు కౌన్సిలర్ల దృష్టికి ఆ సెక్షనే రాలేదు. తాము సొంత భూమి యజమానుల్లా ఆలోచించి ఓటేశారు, ప్రాంతానికి ఏది మేలు అన్న ప్రశ్న తమను తాము వేసుకోలేదు. కాబట్టి తీర్మానం చెల్లదు. నిషేధం ఎప్పటికీ కుదరదని మెజారిటీ అనలేదు. సైమన్ బ్రౌన్ విభేదించి, క్రూరత్వం గురించిన వాదన ఇలాంటి నిర్ణయానికి సహజంగానే సంబంధించిన విషయం అన్నారు. పరీక్షలో ‘నైతికత చూడకూడదని అప్పీలు కోర్టు చెప్పింది’ అని రాస్తే మార్కులు పోతాయి.

అంటే సోమర్సెట్‌ను ఓడించింది చాలావరకు అజెండా కాగితం. అలాంటి తీర్మానం నిలబడాలంటే ఏం ఉండాలి? మొదట ఏ సెక్షన్ కింద ఈ నిర్ణయం తీసుకుంటున్నారో అధికారి నోట్‌లో పేరుపెట్టి రాయాలి. ఆ భూమి ఏ అవసరానికి తీసుకున్నదో పాత పత్రం జతచేయాలి. వేట ఉన్నందువల్ల, ఆపినందువల్ల ఆ ప్రాంతంలో ఏమవుతుందో వివరం ఉండాలి: జింకల మందను ఎవరు అదుపులో పెడతారు, తుపాకీతో ఎంపిక చేసి తగ్గించడానికి మనిషి ఉన్నాడా, పక్క రైతుల పంట నష్టం ఎంత, నడకకొచ్చే జనానికి ఏం ఇబ్బంది. వేట సంఘాన్ని పిలిచి వినాలి. ఆఖరున, చర్చ మినిట్స్‌లో ఈ ప్రశ్న కనపడాలి. ఎంత మంచి నోట్ పెట్టినా, మినిట్స్ నిండా ‘ఇది అనాగరికం’ అన్న ప్రసంగాలే ఉంటే అవతలి లాయరుకు అవి చాలు.

ఇంతా చేసి గెలిచినా దక్కేది ఎంత? కౌన్సిల్ సొంత భూమి మేరకే. కుక్క కంచె దాటితే అవతల ఆ తీర్మానం చెల్లదు. ఉల్లంఘించినవాడి మీద క్రిమినల్ కేసు ఉండదు, అక్రమ ప్రవేశం కింద సివిల్ దావా వేసుకోవాలి. బైలా (కౌన్సిల్ తన పరిధిలో చేసుకునే స్థానిక నిబంధన) చేయొచ్చు కదా అంటారేమో. ఇంగ్లండులో 1972 చట్టం 235, స్కాట్లాండులో 1973 చట్టం 201 కింద ‘సుపరిపాలన’ బైలాలు చేయొచ్చు నిజమే. కానీ వాటికి పైనుంచి ఆమోదం కావాలి, జరిమానా స్వల్పం. అవి రోడ్డుమీద తాగడంలాంటి చిల్లర గొడవలకు ఉద్దేశించినవి. గ్రామీణ జీవనాన్నే మార్చే నిషేధాన్ని ఆ దారిన తెస్తామంటే ఆమోదించేవాళ్లు ఉండరు.

నాలుగురోడ్లు

గుత్తికోట గారూ, చెప్పినదంతా 1995 నాటికి సరే. కానీ ఈ రోజు ఫ్యూయింగ్స్‌ను అలాగే అప్పజెబితే తప్పుదారి పడతారు. ఇంగ్లండులో 2011 లోకలిజం చట్టం మొదటి సెక్షన్ కౌన్సిళ్లకు ‘మామూలు వ్యక్తి చేయగలిగిన ఏ పనైనా చేసే అధికారం’ ఇచ్చింది. జస్టిస్ లాస్ గీసిన గీతను సరిగ్గా అక్కడే చెరిపే ప్రయత్నం అది. హేతుబద్ధత, సంబంధించిన విషయాలు చూడటం లాంటి మామూలు కట్టుబాట్లు పోలేదు, కానీ ‘అధికారమే లేదు’ అన్న వాదన బాగా బలహీనపడింది. స్కాట్లాండులో 2003 స్థానిక ప్రభుత్వ చట్టం 20వ సెక్షన్ ‘ప్రాంత శ్రేయస్సు’ అధికారం ఇచ్చింది. అది ఇంగ్లండుదాని అంత వెడల్పు కాదు.

ఇంకోటి. అధికారం ఏ కుర్చీలోంచి వస్తోందో విడదీయకపోతే ఈ సబ్జెక్టు అర్థం కాదు. వేల్స్ చూడండి. కుక్కలతో వేట అన్న అంశాన్ని 2017 వేల్స్ చట్టం లండన్ దగ్గరే అట్టేపెట్టింది, కార్డిఫ్‌లోని వేల్స్ సభ దాని మీద చట్టం చేయలేదు. అయినా 2021 నవంబరులో ప్రభుత్వ సంస్థ నేచురల్ రిసోర్సెస్ వేల్స్ తన అడవుల్లో ట్రెయిల్ హంటింగ్‌కు (వాసనతో దారి పరిచి దానివెంట కుక్కలను వదలడానికి) ఒప్పందం కొనసాగించబోమంది. సభకు లేని శక్తి భూమి చూసుకునే సంస్థకు ఉంది! అదే ఏడాది వారసత్వ స్థలాలను చూసుకునే నేషనల్ ట్రస్ట్ కూడా సభ్యుల ఓటు తరవాత అనుమతులు ఆపేసింది, కాకపోతే అది ప్రభుత్వ సంస్థ కాదు.

గుత్తికోట

లోకలిజం చట్టం విషయం ఒప్పుకుంటాను, రాయాల్సింది. కానీ భూమి దాటి పోలేకపోవడం మాత్రం 2011 తరవాతా అలాగే ఉంది. మామూలు వ్యక్తి పక్కవాడి పొలంలో వేట ఆపలేడు కదా, అదే అధికారం ఉన్న కౌన్సిలూ ఆపలేదు. స్కాట్లాండులో 32 కౌన్సిళ్లు. సరిహద్దు కొండల్లో నక్క ఒక్క పూటలో రెండు కౌన్సిళ్లు దాటుతుంది. ఒక గట్టున నేరం, అవతలి గట్టున ఆచారం అంటే పోలీసు ఏ పటం చూసుకోవాలి?

పాత_గెజిట్

మూడో ప్రశ్న. 2002 చట్టంలో దెబ్బకొట్టిన మాట ‘లేపడం’. మనవాళ్లు కుందేలును పొదలోంచి లేపడం అంటారే, సరిగ్గా అదే.

1వ సెక్షన్: ఉద్దేశపూర్వకంగా అడవి క్షీరదాన్ని కుక్కతో వేటాడకూడదు. భూమి యజమాని తెలిసి అనుమతించినా నేరమే. 2వ సెక్షన్ మినహాయింపు: అదుపులో ఉన్న కుక్కతో జంతువును పొదలోంచి లేపొచ్చు, పశువులనో నేలమీద గూడుకట్టే పక్షులనో పంటనో కాపాడటం, పంటలకు, పశువులకు చేటుచేసే జంతువుల సంఖ్య తగ్గించడం లాంటి కారణముంటే. షరతు ఒకటి: జంతువు బయటపడ్డాక, ప్రమాదం లేని మొదటి అదనులో కాల్చి చంపేలా, లేదా డేగలాంటి వేటపక్షితో చంపించేలా చూడాలి.

దీంట్లో మూడు కంతలు.

కుక్కల సంఖ్య లేదు. ఇంగ్లండు, వేల్స్‌లలో 2005 ఫిబ్రవరి 18 నుంచి అమలైన 2004 హంటింగ్ చట్టం ఈ పనికి రెండే కుక్కలంది. స్కాట్లాండు చట్టం ఏమీ అనలేదు. దాంతో గుర్రాలమీద వెళ్లే పాత వేట సంఘాలు, అవే గుంపులు, అవే కొమ్ముబూరలతో, చివర ఇద్దరు తుపాకీవాళ్లను నిలబెట్టి ‘మేం తుపాకీ దగ్గరికి లేపుతున్నాం’ అన్నాయి.

‘వేటాడటం’ అన్న మాటలో వెతకడం, తరమడం రెండూ ఉన్నాయి. కానీ వెతకడం ఎక్కడ ముగిసి లేపడం ఎక్కడ మొదలవుతుందో చట్టం చెప్పలేదు. పొద ఎంత పెద్దది? ఇరవై ఎకరాల దట్టమైన సిట్కా స్ప్రూస్ (కలప కోసం పెంచే సూదాకు చెట్టు) తోటంతా ఒక పొదేనా?

మూడోది రుజువు. లేపే పనిలో ఉన్న కుక్క పొరపాటున జంతువును చంపేస్తే, ఉద్దేశం లేపడమే అయితే, నేరం కాదు. దూరం నుంచి తీసిన వీడియోలో కుక్కలు నక్కను పట్టడం కనపడుతుంది, తుపాకీవాడు ఎక్కడున్నాడో కనపడదు. ఉద్దేశాన్ని సందేహాతీతంగా నిరూపించాల్సింది ప్రాసిక్యూషన్. స్కాట్లాండులో ఇంకో మెలిక: కీలకాంశానికి రెండు స్వతంత్ర ఆధారాలు కావాలి, ఒక్క సాక్షితో శిక్ష పడదు. గుర్రాలమీది వేటకు సంబంధించి మొదటి శిక్ష పడటానికి 2017 దాకా పట్టింది.

ఈలోగా మాజీ న్యాయమూర్తి లార్డ్ బోనోమీ సమీక్ష చేసి 2016 నవంబరులో నివేదిక ఇచ్చారు. ఇది జాగ్రత్తగా చదవాలి, రెండు పక్షాలూ తమకు నచ్చిన సగమే చెబుతాయి. లేపడం అన్న మినహాయింపు కొన్ని చోట్ల పాత వేటకు ముసుగవుతోందని ఆయన అన్నారు. అదే నివేదికలో, రెండు కుక్కల పరిమితి పెడితే కొండల్లో, దట్టమైన తోటల్లో నక్కల నియంత్రణ బాగా దెబ్బతినొచ్చనీ అన్నారు. నియమావళి, స్వతంత్ర పరిశీలకులు, పోలీసుకు ముందస్తు సమాచారం, పదాల స్పష్టత ఆయన సూచించిన మందులు.

ప్రభుత్వం మాత్రం ఆయన వద్దన్న పరిమితినే తెచ్చి, రెండుకు మించి కావాలనేవాళ్లకు లైసెన్సు అనే తలుపు పెట్టింది. 2022 ఫిబ్రవరి 24న మంత్రి మైరీ మెకాలన్ పెట్టిన హంటింగ్ విత్ డాగ్స్ (స్కాట్లాండ్) బిల్లు అది. 2023 జనవరి 24న 90–30తో పాసై, మార్చి 7న రాజముద్ర పడి, అక్టోబరు 3 నుంచి అమలైంది. 2002 చట్టంలో కుందేళ్ల జాతికి చెందిన చిన్న రాబిట్లు మినహాయింపులో ఉండేవి. హేర్ అనే పెద్ద కుందేళ్లను తరుముతూ పట్టుబడ్డవాళ్లు ‘రాబిట్ కోసం వచ్చాం’ అని జారుకునేవాళ్లు. కొత్త చట్టం రాబిట్లనూ లోపలికి తెచ్చి, ఎలుకలను, ఇంటి చిట్టెలుకలను మాత్రం బయట ఉంచింది. జంతువుల వాసనతో దారి పరిచి కుక్కలను ఉసిగొల్పే ట్రెయిల్ హంటింగ్ ఇంగ్లండు నుంచి దిగుమతి కాకుండా, దాన్నీ విడిగా నేరం చేసింది. శిక్ష సంక్షిప్త విచారణలో 12 నెలల జైలు, 40,000 పౌండ్ల జరిమానా వరకు. పెద్ద విచారణలో అయిదేళ్ల దాకా.

రాతిబండ

అందరికీ ధన్యవాదాలండీ. రెండు చిన్న అనుమానాలు. రెండు కుక్కలంటే మనిషికి రెండా, పనికి రెండా? అయిదుగురు కలిసి తలా రెండు తెస్తే? అలాగే లైసెన్సు ఇచ్చేది కౌన్సిలేనా? అదైనా స్థానికం అవుతుందేమోనని ఆశ.

మన చట్టంతో పోలిక పెట్టాలంటే ఎక్కడ పెట్టాలో కూడా ఎవరైనా చెప్పండి.

అడవిగట్టు

పోలిక సంగతి నేను చెబుతాను. మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ‘కుక్క’ దగ్గర వెతికితే దొరకదు. 2(16) దగ్గర వెతకండి. వేట అంటే చంపడమే కాదు, పట్టడం, తరమడం, ఉచ్చు, వల, తోలడం, ఎర, ఇవన్నీ, వీటి ప్రయత్నం కూడా. కుక్కను ఉసిగొల్పి అడవిపందిని తోలినా, కుందేలును తరిమినా, చంపకపోయినా నిర్వచనంలో పడ్డట్టే. మనది పనిని బట్టి కట్టిన చట్టం, వాళ్లది పనిముట్టును బట్టి కట్టింది. అందుకే వాళ్లకు కుక్కల లెక్కలు, మనకు షెడ్యూళ్లు (జంతువుల జాబితాలు).

స్థానిక పాలన కోణం 11(1)(బి) దగ్గర ఉంది. పంటకు, ప్రాణానికి ప్రమాదమైన షెడ్యూలు జంతువును చంపే అనుమతి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెనో, ఆయన అధికారమిచ్చిన అధికారో ఇస్తారు. పంచాయతీ తీర్మానంతో అది రాదు. కేరళ 2022లో స్థానిక సంస్థల అధ్యక్షులను గౌరవ వార్డెన్లుగా చేసి అడవిపందుల విషయంలో ఆ అధికారం అప్పగించింది. విషం, పేలుడు పదార్థాలు, కరెంటు తీగలు వాడకూడదని షరతు. చూడండి, పంచాయతీకి పంచాయతీగా అధికారం రాలేదు, దాని అధ్యక్షుడికి వార్డెన్ టోపీ పెట్టారు. నాలుగురోడ్లు గారు చెప్పిన కుర్చీల మాట ఇక్కడా పనికొస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో పందుల బెడద గురించి జడ్పీల్లో ఎంత గట్టిగా తీర్మానించినా అది విన్నపమే. పదకొండో షెడ్యూలులోని 29 అంశాల్లో సామాజిక అడవులు, చిన్నతరహా అటవీ ఉత్పత్తులు ఉన్నాయి, వన్యప్రాణులు లేవు.

కమిటీ పోలికకు 2021 సవరణ బిల్లు తీసుకోండి. 2021 డిసెంబరులో లోక్‌సభలో పెట్టారు, జైరాం రమేశ్ అధ్యక్షతన ఉన్న స్టాండింగ్ కమిటీకి వెళ్లింది, 2022 ఏప్రిల్‌లో నివేదిక వచ్చింది, డిసెంబరులో రాజ్యసభలో పాసై 2023 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చింది. ఎలుకలు, కాకులు ఉండే అయిదో షెడ్యూలు అందులోనే పోయింది. ‘చేటు జంతువు’ (వర్మిన్) అని ప్రకటించే 62వ సెక్షన్ అధికారం కేంద్రం దగ్గరే ఉండిపోయింది.

పాత_గెజిట్

రాతిబండ గారూ, రెండు కుక్కలు పనికి, మనిషికి కాదు. ఒక్కొక్కరు రెండేసి తెచ్చి ‘మావి వేరు, వాళ్లవి వేరు’ అనే ఎత్తు ముందే ఊహించి, 3వ సెక్షన్‌లో ఇంకో షరతు కలిపారు: వాడే కుక్క మరో కుక్కతో కలిసి రెండుకు మించిన గుంపు కాకుండా తగిన చర్యలు తీసుకోవాలి. కాబట్టి అయిదుగురు ఒకే తోటలో అయిదు వైపుల నుంచి వదిలితే చిక్కులో పడతారు. బొరియలో ఉన్న నక్క, మింక్ (ముంగిసలాంటి చిన్న వేటజంతువు) కోసం 5వ సెక్షన్ వేరు, అక్కడ ఒకే ఒక్క కుక్క.

లైసెన్సు ఇచ్చేది కౌన్సిల్ కాదు. చట్టం మంత్రుల పేరు చెబుతుంది, ఆచరణలో ప్రకృతి పరిరక్షణ సంస్థ నేచర్‌స్కాట్ చూస్తుంది. ఇక్కడ జనం తరచు పొరబడేది రోజుల లెక్క. పశువులు, పంటల రక్షణ కోసం ఇచ్చే 4వ సెక్షన్ లైసెన్సు 14 రోజులకు, ఆ 14 రోజులూ ఆరు నెలల వ్యవధిలో పడాలి. మొదట ముసాయిదాలో వరసగా 14 రోజులని ఉండేది. కొండల్లో నాలుగు రోజులు మంచు దిగితే లైసెన్సు కరిగిపోతుందని అభ్యంతరం రావడంతో మారింది. కమిటీ దశ ఎందుకు అని అడిగేవాళ్లకు చూపించదగ్గ సవరణ అది. పర్యావరణ మేలు కోసమైతే లైసెన్సు వ్యవధి రెండేళ్ల దాకా ఉంటుంది. ఎందుకంటే పరాయి జాతిని ఒక దీవి నుంచి తుడిచిపెట్టడం పద్నాలుగు రోజుల పని కాదు. ఆర్క్నీ దీవుల్లో 2010లో కనబడ్డ స్టోట్లతో (మింక్ లాంటి చిన్న వేటజంతువులతో) ఇప్పటికీ తంటాలు పడుతున్నారు.

దరఖాస్తులో తేల్చాల్సింది: ఏ జాతి, ఏ స్థలం, గరిష్ఠంగా ఎన్ని కుక్కలు, రెండు కుక్కలతో ఎందుకు కాదు, వేరే మార్గం ఏదీ ఎందుకు పనిచేయదు. చివరి రెండింటికి ‘ఎప్పటినుంచో ఇలాగే చేస్తున్నాం’ అన్నది జవాబు కాదు. గొర్రెపిల్లల నష్టం, రాత్రిపూట రైఫిల్‌తో ఎన్నిసార్లు ప్రయత్నించారు, తోటలో చూపు ఎన్ని గజాలు ఆనుతుంది, ఇలాంటివి రాయాలి. పని ముగిశాక నివేదిక కూడా పంపాలి.